గడపకి పూసిన వెలుగుపొడి

రేడియం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సింధనూరు బస్టాండు చుట్టూ ఉన్న స్టిక్కర్ల కొట్లలో ఏది మెరిసినా దాని పేరు రేడియమే. లారీ వెనకాల అతికించే ఎర్ర పట్టీ రేడియం. పెళ్ళికారు అద్దం మీద అంటించే పేర్లు రేడియం. పిల్లల గది పైకప్పుకి అతికించే చుక్కలూ రేడియమే. వీటిలో ఒక్కదాంట్లోనూ రేడియం లేదు. అసలు రేడియం పూర్వం చేతిగడియారాల ముళ్ళకి పూసేవారు. దానికి ఎండా అక్కర్లేదు, దీపమూ అక్కర్లేదు, రాత్రింబవళ్ళు తనంతట తానే రగులుతూ ఉంటుంది. మనిషి ఎముకల్లో చేరి తినేస్తుందని తెలిశాక మానేశారు. లారీ పట్టీకి సొంత వెలుగు లేదు. ఎదుటి బండి లైటు పడితే దాన్ని వెనక్కి కొడుతుంది, అంతే. ఇవన్నీ వేరు, నా పొడి వేరు అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విని తల ఊపి, “అయితే ఒక డబ్బా రేడియం ఇవ్వండి” అంటారు.

నా పొడి పగలు వెలుతురు తాగుతుంది, చీకటి పడ్డాక దాన్ని మెల్లగా వదులుతుంది. దాని జోలికి నేను వెళ్ళింది మా ఆయన కోసం. పొద్దుగూకిన తర్వాత కూడా ఆయన ఇంకొకరి భుజం పట్టుకోకుండా తిరగాలి. నా పంతం అదొక్కటే.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. తుంగభద్ర కాలువ పారిన కొత్తల్లో మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి బాళగనూరు దగ్గర పొలం కొన్నాడు. మావాళ్ళు దిగిన చోట్లని ఇక్కడివాళ్ళు క్యాంపులంటారు. డాబాలు లేచాయి, మనవలు పుట్టారు, అయినా మాది ఇప్పటికీ క్యాంపే. కొన్న పొలం చేజారకూడదని మేనరికాలు చేసుకోవడం మావాళ్ళకి అలవాటు. మా అమ్మ ఈ ఇంటి ఆడపడుచు, నేను ఈ ఇంటి కోడల్ని. నేను పెరిగింది సింధనూరులో, నాన్న పెట్టిన రంగుల కొట్టు మీది వాటాలో. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు వంటింట్లో పనికొస్తుందని చాలామంది ఓదార్చారు.

బావకి సాయంత్రం అయితే చూపు ఆనదని పెళ్ళికి ముందే తెలుసు. చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చి చూపు దెబ్బతిందని అత్త చెప్పింది. అమ్మని అడిగితే అమ్మా అదే మాట చెప్పింది. కామెర్లు కదా, వచ్చాయి, పోయాయి, కాస్త మిగిల్చి పోయాయి అనుకున్నాను. పగలు ఆయన చూపులో ఏ లోపమూ కనపడేది కాదు. పేపర్లో చిన్న అక్షరాలు నాకంటే ముందు చదివేవాడు. కాకపోతే కాలి పక్కనున్న బిందెని తన్నేవాడు, తలుపు రెక్కకి భుజం కొట్టుకునేవాడు. పరధ్యానం మనిషి అని నవ్వుకునేదాన్ని.

అసలు చిక్కు నీళ్ళ దగ్గర. మాది కాలువ చివరి పొలం. ఎగువ వాళ్ళు పగలంతా తోడుకున్నాక మా వంతు నీళ్ళు పొద్దుగూకాకే వస్తాయి. ఎవరో ఒకరు గట్టు వెంట వెళ్ళి తూము తలుపు ఎత్తాలి. టార్చి బావ చేతికిస్తే, వెలుగు పడిన చోటు తప్ప ఆయనకి ఇంకేమీ తెలిసేది కాదు, గట్టు అంచు ఎక్కడుందో దొరికేది కాదు. అందుకని టార్చి పట్టుకుని నేను ముందు, నా భుజం మీద చెయ్యేసి ఆయన వెనక. ఎదురొచ్చిన వాళ్ళు “ఏమ్మా, మొగుణ్ణి తోలుకుపోతన్నావా?” అని ఎగతాళి చేసేవారు. బావ వాళ్ళతో పాటే నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

టార్చి అక్కర్లేకుండా దారే కనపడితే ఎలా ఉంటుంది అని నాకు అనిపించింది అప్పుడే.

మొదటి పొడి రాయచూరులో ఒక స్టిక్కర్ల కొట్టాయన దగ్గర కొన్నాను. ఎంతసేపు వెలుగుతుందని అడిగితే ఆయన చెయ్యి తిప్పి, “తెల్లారెదాక ఉంటదమ్మా, ఏం ఫికర్ జెయ్యకు. గిట్ల ట్యూబులైటు కింద జరసేపు పెడితె సాలు” అన్నాడు. తెచ్చి వార్నిష్‌లో కలిపి చెక్కముక్కకి పూశాను. లైటు తీయగానే పసుపూ పచ్చా కలిసిన వెలుగు భలేగా వచ్చింది. మేం అన్నాలు తిని చేతులు కడుక్కునేలోపు ఆరిపోయింది. అది జింక్ సల్ఫైడు. చిటికెలో వెలుతురు తాగుతుంది, చిటికెలో వదిలేస్తుంది. దానికి ఎండా పడదు, చెమ్మా పడదు. వానాకాలం వెళ్ళేసరికి చెక్క మీద పూత బూడిదరంగుకి తిరిగింది.

మళ్ళీ రాయచూరు వెళ్ళి, “తెల్లారేదాకా అన్నావు, అన్నం తినేదాకా అయినా లేదేం?” అని నిలదీశాను.

ఆయనేం తొణకలేదు. “గది వేరె మాలమ్మా. నువ్వు ఏది గావాల్నో అడగలే. ఇంకోటున్నది, జర పిరం” అంటూ దానికి ఎక్కువ ధర చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, “నువ్వు గట్టిగ అడుగుతవని నాకేమెర్క?” అన్నాడు. అంత నిర్లజ్జగా మోసం చేసేవాళ్ళ మీద నాకు ఇప్పుడు కోపం కూడా లేదు. వాళ్ళు అమ్మేది ఏమిటో ఎదురుగా నిలబడి అమ్ముతారు.

ఆ రెండోది స్ట్రాన్షియం అల్యూమినేటు. దానితోనే నా కాపురం. చూడటానికి లేత పసుపు పిండిలా ఉంటుంది కానీ వేళ్ళ మధ్య నలిపితే ఇసుకకంటే గరుకు. నిండుగా తాగాలంటే మంచి ఎండ కావాలి, తాగిందంటే మాత్రం తెల్లవారుజామున కూడా మసకగా కనపడుతూనే ఉంటుంది. పలుకు పెద్దదయితే వెలుగెక్కువ, పూత మాత్రం గరగరలాడుతుంది. మెత్తటి పొడి నున్నగా కూర్చుంటుంది, వెలుగు తగ్గుతుంది. కింద తెల్లరంగు పూత లేకపోతే సగం వెలుగుని గోడే మింగేస్తుంది. ఇంకే రంగులోనూ కలపకూడదు, తేటగా ఉండే వార్నిష్‌లోనే కలపాలి, కలిపాక కూడా బరువుకి అడుక్కి దిగిపోతుంది కాబట్టి తిప్పుతూ పూయాలి. నేను ఒకసారి పెద్ద పలుకుల్ని మెత్తగా చేద్దామని అత్త మిక్సీ జారులో వేసి తిప్పాను. పొడే జారుని గీకి, ఆ ఇనుప రజను కలిసి మొత్తం బూడిదయ్యింది, వెలుగు చచ్చింది. అత్త ఆ జారుని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, “ఇంక దీంట్లో పచ్చడి నూరితే నన్నడుగు” అని పెరట్లో పెట్టేసింది.

రంగుల్లోనూ రకాలున్నాయి. పచ్చది అన్నిటికంటే గట్టిగా వెలుగుతుంది. నీలం కలిసిన పచ్చ మొదట్లో కాస్త తగ్గినా, చీకటికి అలవాటు పడిన కంటికి చివరిదాకా అదే బాగా ఆనుతుంది. ఊదా బలహీనం. ఎరుపు, నారింజ రకాలు పేరుకే, అవి వేరే పొడులు, కాసేపటికే చల్లారిపోతాయి. ఇవన్నీ చెక్కముక్కలకి పూసి, ఎండలో పెట్టి, సాయంత్రం ధాన్యం బస్తాల గదిలోకి తీసుకెళ్ళేదాన్ని. ఆ గదికి కిటికీ లేదు. బావనీ మా అమ్మాయినీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసేదాన్ని. అమ్మాయి అప్పుడు రెండో తరగతి.

“బావా, ఏది బాగుంది?”

“నీకేది నచ్చితే అదే బాగున్నట్టు.”

చీరల కొట్లో మొగుళ్ళందరూ అనే మాటే కదా అనుకున్నాను. ఒక్కోసారి “ఆ పచ్చది బెమ్మాండంగా ఉందే” అనేవాడు, నా కడుపు నిండిపోయేది.

అమ్మాయి మాత్రం మొదటిరోజే, “నాకేం కనపట్లేదమ్మా” అంది. నా చేతిలో అప్పుడు నీలిపచ్చ ముక్క ఉంది. నేను ఏదో అనేలోపే చీకట్లోంచి బావ, “బాగా చూడవే. నాకే కనపడతంటే నీకెందుకు కనపడదు?” అన్నాడు. బస్తా మీద అది అటూ ఇటూ కదిలిన చప్పుడైంది. తర్వాత, “ఆ, కనపడింది” అంది. పిల్లలకి ఓపిక ఉండదు, నిదానంగా చూస్తే కనపడుతుంది అని నేను సంబరపడ్డాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా కనపడుతోందనే చెప్పింది.

ముందు ఇంట్లో మొదలుపెట్టాను. గడప, మెట్ల అంచులు, తలుపు గడియ, స్విచ్చు బోర్డు చుట్టూ, నీళ్ళ బానకి ఒక పట్టీ. క్యాంపు జనం చూడటానికొచ్చారు. కొందరు తమ గడపలకీ వేయించుకున్నారు. ఎడ్లని అలంకరించే కారహుణ్ణిమె పండగ ముందు బాళగనూరు నుంచి ఒక కన్నడ రైతు తన ఎడ్ల జతను తోలుకొచ్చి, “కొంబిగె హచ్చబహుదా అక్కా?” అని అడిగాడు. కొమ్ములకి పూస్తే తప్పేముంది అని పూశాను. పొద్దుగూకేసరికి ఒక ఎద్దు పక్కదాని కొమ్ములు చూసి బెదిరి కాడి తెంపుకుంది. ఆయన అయినా తిట్టలేదు, ఊరంతా తిప్పి చూపించాడు. అది చూసి మస్కి సంత నుంచి కూడా మనుషులొచ్చారు. నా డిగ్రీకి ఇన్నాళ్ళకి మోక్షం వచ్చిందని బావ అందరితో చెప్పుకునేవాడు.

కాలువకి నీళ్ళు వదిలేనాటికి గట్టు కూడా పూర్తి చేశాను. ఇంటి వెనక గేటు నుంచి తూము దాకా రెండు పక్కలా రాళ్ళు పాతించి, తెల్లరంగు కొట్టించి, పైన పచ్చ పూత వేశాను. తూము పిడికి కూడా వేశాను. మా వంతు వచ్చిన మొదటి సాయంత్రం టార్చి తీసుకుని బయల్దేరబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వుండు. నేనెళ్ళొస్తా. దారి అద్దంలా కనపడతంది.”

వెనక మెట్టు మీద కూర్చుని చూశాను. మనిషి కనపడలేదు, రాళ్ళు కనపడ్డాయి. ఆయన అడ్డం వచ్చినప్పుడు ఒక రాయి ఆరి, దాటగానే మళ్ళీ వెలిగేది. అలా ఒకటొకటే ఆరుతూ వెలుగుతూ తూము దాకా వెళ్ళింది. ఒక్కోచోట ఒకే రాయి రెండుసార్లు ఆరేది. ఆగి వెనక్కి చూస్తున్నాడేమో, నా కోసమే చూస్తున్నాడేమో అనుకున్నాను. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ సీజనంతా బావ ఒక్కడే వెళ్ళొచ్చాడు. వచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు. అత్త ఆ వేళకి పక్కింటికి కబుర్లకి పోయేది కాబట్టి ఇంట్లో నేనూ అమ్మాయీ ఉండేవాళ్ళం. అంత సుఖంగా నేను ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ సుఖం కూలింది గడప దగ్గర. గడప మీద పూత అరిగితే మళ్ళీ వేయాల్సి వచ్చింది. వార్నిష్ వాసనకి అమ్మాయికి దగ్గు వస్తోంది. నీళ్ళలో కలిపినా చెడదని చెప్పి ఒకచోట ఆన్‌లైన్‌లో కొత్తరకం పొడి అమ్ముతున్నారు. ఈ జాతి పొడికి నీళ్ళంటే గిట్టదు. గింజ గింజకీ పైన గాజులాంటి పొర వేస్తేనే తడికి ఆగుతుంది. పొర ఉందనే రాశారు. తెప్పించి, వాసన లేని నీళ్ళ డిస్టెంపర్‌లో కలిపి పూశాను. వారం తిరక్కుండా పూత ఉబ్బి, సున్నంలా గట్టిపడి, చచ్చిపోయింది. నాకు ఆ సంగతి తెలిసిన సాయంత్రమే మిగతావీ తెలిశాయి.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. నేను పెరట్లోంచి ముందు వసారా వైపు వస్తున్నాను. మంచం మీద బావ, పక్కన కుర్చీలో ధాన్యం చూడటానికొచ్చిన రైసుమిల్లు మనిషి. గడప ఉన్నచోట చీకటి తప్ప ఇంకేం లేదు. అయ్యో, పొడి పోయిందే అని నాలుక కరుచుకుంటున్నాను, అప్పుడు బావ ఆయనతో అంటున్నాడు:

“ఇదంతా మా ఆవిడ చేసిందేనండీ. ఆ గడప చూడండి, ఎట్టా వెలిగిపోతందో.”

“ఆ... బాగుందండీ” అన్నాడు మిల్లు మనిషి, మర్యాదకి.

వచ్చినాయన వెళ్ళేదాకా చీకట్లోనే ఆగి, బావ ఎదురుగా వచ్చి అడిగాను.

“బావా, గడప వెలుగుతోందా?”

“అదేం మాటే? మునుపటికంటే బాగుంది.”

“దాంట్లో వెలుగు లేదు. చచ్చిపోయింది.”

దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. మెట్లు కనపడుతున్నాయా అని అడిగాను. గట్టు మీద రాళ్ళు కనపడుతున్నాయా అని అడిగాను. “ఎప్పుడన్నా ఒక్కరోజు కనపడ్డాయా?” అని అడిగాను. లైటు తీసిన మొదటి నిమిషంలో పచ్చది కాస్త తెలిసేదట. ఆ తర్వాత ఏమీ లేదట. ఆ ఒక్క నిమిషం చూసింది చెప్పి నా దగ్గర ఏడాది గడిపాడు.

“నువ్వంత కష్టపడతంటే లేదని ఎట్టా చెప్పనే?” అన్నాడు.

“మరి తూముకి ఎలా వెళ్ళావు?”

లోపలి నుంచి అత్త వచ్చింది. “వాణ్ణి అనమాకు. నేనే చెప్పొద్దన్నాను” అంది. పక్కింటి కబుర్లు లేవు, ఏమీ లేవు. గేటు అవతల గడ్డివామి పక్కన నిలబడి ఉండేదట. బావ వచ్చి తల్లి భుజం మీద చెయ్యేస్తే, నా రాళ్ళ మధ్య నుంచి ఆవిడ నడిపించుకుపోయేదట. ఒక రాయి రెండుసార్లు ఎందుకు ఆరేదో అప్పుడు తెలిసింది. నేను వెనక మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నది వాళ్ళిద్దర్నీ చూసి. నన్ను కూర్చోబెట్టి చెవిలో పువ్వు పెట్టారు.

“కామెర్లకి ఇంత చూపు పోతుందా అత్తా?” అన్నాను. కోపంలో అన్నానే కానీ నాకు అనుమానమేం లేదు. అత్త మాత్రం ఆ మాటకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామెర్లు కాదని అప్పుడు చెప్పింది. మా తాతకి ఉండేదట. తాత చెల్లెలికీ ఉండేదట. రేచీకటి అని ఆ రోజుల్లో అనేవారు. పెళ్ళికి ముందు బావని రాయచూరులో కళ్ళ డాక్టరుకి చూపిస్తే, ఇది వంశంలో వచ్చేది, మందు లేదు, దగ్గర చుట్టరికంలో మాత్రం పెళ్ళి చెయ్యొద్దని చెప్పాడట. చెప్పిన నెలలోపే మా నిశ్చితార్థం చేశారు.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ కాదనలేదు, ఏడవలేదు కూడా. “చెప్తే నువ్వు ఒప్పుకునేదానివా? బయటి పిల్ల అయితే వాడి కళ్ళ సంగతి తెలిసి ఉండిద్దా? నా పుట్టింటికి నేను తప్ప ఎవరున్నారు?” అంది. పుట్టింటి కోసం కూతుర్ని ఇచ్చానని అంత నిదానంగా చెప్పింది. కంచే చేను మేసిందని ఊరికే అనరు. నేను ఫోన్ పెట్టేశాను. ఆవిడతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను, పండక్కి వస్తే అన్నం వడ్డిస్తాను, అంతే.

మర్నాడంతా ఫోన్ పట్టుకుని ఆ జబ్బు గురించి చదివాను. కంట్లో రెండు రకాల కణాలుంటాయట. ఒకటి పగలు, రంగులు చూసేది. రెండోది మసక వెలుగులో పనిచేసేది. నా పొడి మొదటి నిమిషాలు దాటాక బతికేదంతా ఆ రెండో రకం మీదే. బావకి చచ్చిపోతున్నవీ అవే. చంద్రుణ్ణి చూడగలడు, దీపాన్ని చూడగలడు, మసకగా, మెల్లగా, తెల్లారేదాకా ఉండే ఆ వెలుగుని మాత్రం చూడలేడు. అంటే నేను ఎండలో నిలబడి, రంగు రంగుకీ తేడా కనిపెట్టి, ఆయనకి పనికిరాని వెలుగునే ఏరి తెచ్చి ఇల్లంతా పూశాను. మొదటిరోజు “కనపడట్లేదే” అని ఒక్క ముక్క అని ఉంటే ఆ పొడి అవతల పారేసి, గట్టు వెంట సోలారు దీపాలు పెట్టేదాన్ని. నా మీద జాలిపడ్డారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. జాలిపడిన వాళ్ళని తిట్టడానికి మాటలు కూడా దొరకవు.

ఫోన్‌లో చదివినదాంట్లోనే కింద ఇంకొకటి ఉంది. తల్లీతండ్రీ దగ్గర చుట్టాలయితే పిల్లలకి రావచ్చని, చిన్నప్పుడు చీకట్లో తెలియకపోవడమే మొదటి గుర్తని. నేను ఫోన్ పక్కన పెట్టి లేచాను. బస్తాల గదిలో మొదటిరోజు మా అమ్మాయి ఏమందో గుర్తొచ్చింది. దానికి ఆయన ఏమన్నాడో కూడా గుర్తొచ్చింది.

సాయంత్రం దాకా ఆగడం కష్టమైంది. స్కూలు నుంచి వచ్చింది, పాలు తాగింది. దీపాల వేళకి దాన్ని బస్తాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. ఎప్పుడూ కూర్చునే బస్తా మీదే కూర్చుంది. తర్వాత నా రెండు చేతులూ దాని ముందుకి చాపాను. చేతుల్లో ఏమీ లేదు.

“ఎలా ఉంది?”

“బాగుందమ్మా.”

“ఏ రంగు కనపడుతోంది?”

అది కాస్త తడుముకుంది. “పచ్చ.”

“గట్టిగా ఉందా, మసగ్గా ఉందా?”

“గట్టిగానే ఉంది. బెమ్మాండంగా ఉంది” అంది. అచ్చం వాళ్ళ నాన్న గొంతు.

దాని పక్కన బస్తా మీద కూలబడ్డాను. “నా చేతిలో ఏమీ లేదు తల్లీ” అన్నాను.

అది నా చెయ్యి దొరకబుచ్చుకుని, చిన్న గొంతుతో అంది:

“నాన్నకి చెప్పమాకమ్మా. నాక్కూడా కనపడదని తెలిస్తే నాన్న ఏడుస్తాడంట.”

“ఎవరు చెప్పారే?”

“నాయనమ్మ. ఎవరికీ చెప్పొద్దంది. నువ్వడిగితే పచ్చ అని చెప్పమంది.”

నేను తలుపు తీసుకుని బయటికొచ్చాను. వసారాలో దీపం లేదు, ఆ సాయంత్రం కూడా కరెంటు పోయింది. మంచం మీద బావ, స్తంభానికి ఆనుకుని అత్త. నన్ను చూడగానే అత్తకి అర్థమైంది, “వద్దే, వద్దే అమ్మాయ్” అని లేచింది. నేను ఆగలేదు. అమ్మాయికి కూడా కనపడదని, అత్తకి ముందే తెలుసని, మీ అబద్ధం దానికి కూడా నేర్పారని, ఆయన ముందు నిలబడి చెప్పేశాను.

ఆయన కుడిచెయ్యి ఎత్తి, నేను ఉన్నాననుకున్న వైపు చాపాడు. ఆ చెయ్యి చీకట్లో అటూ ఇటూ నన్ను వెతికింది. ఒక్క అడుగు వేస్తే అందేది. నేను వెయ్యలేదు. నా వెనక నుంచి మా అమ్మాయి, గోడ తడుముకుంటూ, నన్ను దాటి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.